మీకు తెలుసా? సీజన్ కూలీకి అమెరికా వీసా

అమెరికా వీసా అనగానే తెలుగిళ్లలో ముందు వినపడే మాట హెచ్-1బి. అదే అక్షరంతో మొదలయ్యే వీసాల్లో ఇంకో రెండున్నాయి. అవి కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ల కోసం కాదు. పొగాకు చేలకు, పుచ్చతోటలకు, పీతల షెడ్లకు, గొర్రెల మందలకు, ఎగ్జిబిషన్లలో తిరిగే జెయింట్ వీల్స్‌కు మనుషుల్ని తీసుకెళ్లే వీసాలు. ఈసారి వాటి ముచ్చట్లు. ముఖ్యంగా ఆ కూలీలకూ యజమానులకూ నడుమ నిలబడి వ్యాపారం చేసేవాళ్ల ముచ్చట్లు.

హెచ్-2 ముందు, హెచ్-1బి తర్వాత

1952 నాటి అమెరికా వలస చట్టం తాత్కాలిక పనివాళ్లకు 'హెచ్' అక్షరం కేటాయించింది. ప్రత్యేక ప్రతిభ ఉన్నవాళ్లు హెచ్-1, మామూలు పనివాళ్లు హెచ్-2. 1986లో హెచ్-2ను రెండుగా విడదీశారు. వ్యవసాయానికి హెచ్-2ఎ, వ్యవసాయం కాని సీజన్ పనులకు హెచ్-2బి. మనవాళ్లు ఏటా మార్చిలో లాటరీ కోసం ఎదురుచూసే హెచ్-1బి ఇప్పుడున్న రూపానికి వచ్చింది 1990లోనే. ఆ 1990 చట్టమే హెచ్-1బికి ఏడాదికి 65,000, హెచ్-2బికి 66,000 అని హద్దు గీసింది. హెచ్-2ఎకి మాత్రం హద్దు లేదు. 2005లో సుమారు 48,000 కొలువులకు అనుమతిస్తే, 2023 నాటికి ఆ లెక్క 3,78,000 దగ్గరికి వచ్చింది. వచ్చేవాళ్లలో నూటికి తొంభైమంది మెక్సికో వాళ్లే.

కాగితాలే సరుకు

టమాటాలు కోయడానికి పదిమందిని తెచ్చుకోవాలనుకున్న అమెరికా రైతు ఎక్కాల్సిన మెట్లు చూడండి. పని మొదలయ్యే తేదీకి 75 నుంచి 60 రోజుల ముందు రాష్ట్ర ఉపాధి కార్యాలయానికి పని వివరాలు పంపాలి. కనీసం 45 రోజుల ముందు కేంద్ర కార్మిక శాఖకు దరఖాస్తు పెట్టాలి. ఈలోపు స్థానికులెవరైనా వస్తారేమోనని ప్రకటించి చూడాలి. కూలీలు ఉండబోయే ఇల్లు తనిఖీకి నిలవాలి. కార్మిక శాఖ సరేనన్నాక వలస సేవల శాఖకు పిటిషన్. అక్కడా గట్టెక్కితే కన్సులేట్‌లో వీసాలు. ఆ తర్వాత బస్సులు. ఇందులో ఏ ఒక్కటి వారం ఆలస్యమైనా చేలో కాయ పండి నేలరాలుతుంది. ఆఫీసులో ఫైలు ఆగినా పంట ఆగదు కదా.

ఈ తేదీల లెక్కను తమ నెత్తికెత్తుకోవడమే వృత్తిగా బతికే కంపెనీలు అక్కడ చాలా ఉన్నాయి. వర్జీనియాలోని లవింగ్‌స్టన్ అనే చిన్న ఊరి నుంచి నడిచే మాస్‌లేబర్ ఈ రంగంలో పెద్ద పేరు. రైతు దగ్గరా, లాన్లు చూసే కాంట్రాక్టరు దగ్గరా, రిసార్టు యజమాని దగ్గరా రుసుము తీసుకుని కాగితాల పనంతా చక్కబెట్టడం వాళ్ల వ్యాపారం. నార్త్ కరోలినాలో వాస్ అనే ఊరు కేంద్రంగా 1989లో ఏర్పడిన గ్రోయర్స్ అసోసియేషన్‌ది ఇంకో పద్ధతి. అక్కడ రైతులే సభ్యులు. కూలీలకు సంఘమూ రైతూ కలిసి ఉమ్మడి యజమానులు. అందుకని ఒకరి చేలో పని అయిపోతే కూలీని మరో సభ్యుడి చేలోకి పంపే వీలుంది. ఏటా పదివేలమంది దాకా ఆ సంఘం ద్వారానే వస్తారు.

మన దగ్గర పాలమూరు కూలీలను తీసుకెళ్లే గుంపు మేస్త్రీ గుర్తొస్తున్నాడా? పని ఒకలాంటిదే, డబ్బు నడిచే దారి వేరు. మేస్త్రీ కూలీకి అడ్వాన్సు ఇచ్చి కట్టేసుకుంటాడు. ఈ కంపెనీలైతే యజమాని దగ్గర మాత్రమే తీసుకోవాలి, కూలీ దగ్గర ఒక్క డాలరు ముట్టకూడదని చట్టం. ఆ చట్టం ఎక్కడ చిల్లుపడుతుందో కాసేపట్లో చూద్దాం.

పేర్లు లేని పిటిషన్

హెచ్-1బి పిటిషన్‌లో అభ్యర్థి పేరు, చదువు, పుట్టుపూర్వోత్తరాలు అన్నీ ఉండాలి. హెచ్-2లో పేర్లే లేకుండా 'నలభైమంది కావాలి' అని అంకె ఒక్కటి వేసి పిటిషన్ పెట్టొచ్చు. ఆ నలభైమంది ఎవరన్నది కన్సులేట్ గడపలో తేలుతుంది. 2024 నుంచి పేర్లు రాస్తే ఒక పిటిషన్‌లో 25 మందికి మించకూడదన్న నిబంధన కూడా వచ్చింది. ఈ వీసాలకు ప్రపంచంలోకెల్లా పెద్ద కేంద్రం ఉత్తర మెక్సికోలోని మాంటెరే కన్సులేట్. సీజన్‌కు ముందు ఆ ఊళ్లో చవక హోటళ్లన్నీ వీసా కోసం వచ్చిన పల్లెవాళ్లతో నిండిపోతాయి.

ఏడుగురు మిగిలారు

2011లో నార్త్ కరోలినాలో దాదాపు ఐదు లక్షలమంది నిరుద్యోగులు. ఆ ఏడాదే గ్రోయర్స్ అసోసియేషన్ దగ్గర 6,500 పొలం పనులు. చట్టప్రకారం స్థానికుల్ని పిలిచారు. వచ్చినవాళ్లు 268 మంది. అందులో 245 మందిని తీసుకున్నారు. మొదటిరోజు పనిలోకి దిగినవాళ్లు 163. సీజన్ చివరిదాకా నిలిచినవాళ్లు ఏడుగురు. ఆర్థికవేత్త మైకేల్ క్లెమెన్స్ 2013లో వెలువరించిన అధ్యయనంలోని లెక్కలివి.

ఇది చూపించి అమెరికావాళ్లకు ఒళ్లొంగదని తీర్పు చెప్పేస్తుంటారు. అంత తేలిక కాదు. ఆ లెక్కలు యజమానుల సంఘం దగ్గరున్న రికార్డుల నుంచి వచ్చినవి. అప్పటి కూలి గంటకు పది డాలర్లలోపే. ఊరొదిలి క్యాంపులో ఉండాలి, ఆరు నెలల తర్వాత మళ్లీ నిరుద్యోగమే. అదే పనికి ముప్ఫై డాలర్లిస్తే ఎంతమంది నిలుస్తారో చూద్దామని ఏ రైతూ అనలేదు. అనలేడు కూడా. అలా ఇస్తే సూపర్‌మార్కెట్ అతని చిలగడదుంపలు కొనదు.

ఇదే వాదన మీద 2010లో వ్యవసాయ కార్మికుల సంఘం యునైటెడ్ ఫార్మ్ వర్కర్స్ 'మా ఉద్యోగాలు మీరే తీసుకోండి' అని ప్రచారం పెట్టి అమెరికన్లను పొలాలకు పిలిచింది. హాస్యనటుడు స్టీఫెన్ కోల్బెర్ ఒకరోజు పొలం పని చేసి, ఆ సెప్టెంబరులో ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు తన టీవీ వేషంలోనే సాక్ష్యం చెప్పాడు. సభ్యులు కొందరు నవ్వారు, కొందరు ముఖం మాడ్చుకున్నారు. చట్టం మాత్రం అంగుళం కదల్లేదు.

సగం సీజన్ దాకా తలుపు తెరిచే

విదేశీ కూలీలు దిగాక కూడా ఆ పని చేయగల స్థానికుడెవరైనా వచ్చి అడిగితే, కాంట్రాక్టు కాలం సగం గడిచేదాకా రైతు కాదనకూడదు. ఇంకో హామీ కూడా ఉంది. కాంట్రాక్టులో చెప్పిన పని గంటల్లో కనీసం నాలుగింట మూడొంతులకు కూలి కట్టివ్వాలి, వాన పడినా, ధర పడిపోయినా. కాగితం మీద ఇంత గట్టి హామీ మన వ్యవసాయ కూలీకి ఏ చట్టంలోనూ లేదు.

పాత కనీస కూలికి రెట్టింపు పైన

నార్త్ కరోలినాలో చట్టం చెప్పే కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. అక్కడే 2025లో హెచ్-2ఎ కూలీకి ఇవ్వాల్సిన కనీస రేటు 16.16 డాలర్లు. కాలిఫోర్నియాలో అయితే 19.97. విదేశీ కూలీలు చవకగా దొరికితే స్థానికుల కూలి పడిపోతుందని, అలా పడకుండా రాష్ట్రానికో రేటు కట్టారు. ఇల్లు ఉచితం. రానుపోను ఖర్చులు యజమానివే. కూలీల నివాసాలకు వర్తించే పాత నిబంధనలు ఎంత వివరంగా ఉంటాయంటే, పడకగదిలో మనిషికి 50 చదరపు అడుగులు, పదిమందికి ఒక షవరు, పదిహేనుమందికి ఒక మరుగుదొడ్డి అని అంకెలతో సహా రాసి ఉంటుంది.

రైతులు ఏటా ఈ రేటు మీద మొత్తుకుంటూనే ఉన్నారు. 2025 అక్టోబరులో కార్మిక శాఖ లెక్కగట్టే పద్ధతినే మార్చింది. నైపుణ్యాన్ని బట్టి రెండు అంచెలు పెట్టి, ఉచిత ఇంటి విలువను కూడా లెక్కలోకి తెచ్చింది. దాంతో చాలాచోట్ల కనీస రేటు కిందికి దిగింది. కార్మిక సంఘం కోర్టుకెక్కింది.

రైతుకు కనిపించని లాభం ఇంకొకటుంది. హెచ్-2ఎ కూలి మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు లేవు. స్థానికుణ్ని పెట్టుకుంటే జీతం మీద యజమాని వాటాగా కట్టాల్సిన 7.65 శాతం ఇక్కడ మిగులుతుంది. హెచ్-2బి వాళ్లకు మాత్రం ఆ పన్నులు కట్టాల్సిందే.

ఆవుకు సీజన్ లేదు

హెచ్-2ఎ సీజన్ పనులకే. ఆవు ఏడాది పొడుగునా పాలిస్తుంది కాబట్టి పాడి రైతుకు ఈ వీసా దక్కదు. విస్కాన్సిన్ పాడి రైతులు దశాబ్దాలుగా అడుగుతున్నా చట్టం మారలేదు. పుట్టగొడుగుల పెంపకందార్లదీ ఇదే గోడు.

మరి గొర్రెలు? అవీ ఏడాదంతా మేస్తాయి. అయినా గొర్రెల కాపర్లకు ఈ వీసా వస్తుంది. వ్యోమింగ్, యూటా, కొలరాడో, ఐడహో కొండల్లో మందల వెంట తిరిగేవాళ్లలో చాలామంది పెరూ దేశపు ఆండీస్ పర్వతాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు గంటల లెక్క లేదు, నెలజీతం. రోజంతా, రాత్రంతా మంద దగ్గర ఉండాల్సినవాళ్లకు కొన్ని రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి నెలకు 650, 750 డాలర్లే ఇచ్చారు. 2015 నిబంధన వచ్చాక వారానికి 48 గంటల లెక్కన రేటు కట్టి పెంచడం మొదలుపెట్టారు. వాషింగ్టన్‌లో గొర్రెల పెంపకందార్ల పలుకుబడి పాడి రైతులకు లేకపోయిందన్నమాట.

పీతలు ఒలిచేవాళ్లూ లాటరీలోనే

ఇక హెచ్-2బి. ఏడాదికి 66,000 అనుకున్నాం కదా, దాన్ని అక్టోబరు నుంచి మార్చి దాకా 33,000, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 33,000 అని పంచారు. వేసవి పనులకు గిరాకీ ఎక్కువ కాబట్టి రెండో సగానికి తొక్కిసలాట. ఏప్రిల్ 1న పని మొదలవ్వాలంటే జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. ఎవరు ముందు పంపితే వాళ్లదే అవకాశం అన్న రోజుల్లో, లాయర్లూ ఏజెంట్లూ డిసెంబరు 31 రాత్రి కొత్త సంవత్సరం సంబరాలు మానుకుని కంప్యూటర్ల ముందు కాపు కాసేవారు. 2019 జనవరి 1 అర్ధరాత్రి అందరూ ఒక్కసారే మీద పడేసరికి కార్మిక శాఖ సర్వరు కుప్పకూలింది. కొన్నిరోజుల తర్వాత గానీ లేవలేదు. అప్పటి నుంచి జనవరి మొదటి మూడు రోజుల్లో వచ్చిన దరఖాస్తులన్నీ కలిపి యాదృచ్ఛికంగా ఎ, బి, సి, డి, ఇ అంటూ గ్రూపులుగా విడదీస్తున్నారు. 'ఎ' పడిందా, బతికారు. 'ఇ' పడిందా, ఆ వేసవి మీద ఆశ వదులుకోవడమే.

ఈ లాటరీ దెబ్బ తగిలే చోట్లలో మేరీల్యాండ్‌లోని హూపర్స్ ద్వీపం ఒకటి. చీసపీక్ అఖాతంలో పట్టిన నీలిపీతల నుంచి మాంసం ఒలిచే షెడ్లు అక్కడున్నాయి. చిన్న కత్తితో పెంకు చీల్చి మాంసం చిదిమిపోకుండా తీసే పని. ఒకప్పుడు స్థానిక స్త్రీలు, ఎక్కువగా నల్లజాతివాళ్లు చేసేవారు. వాళ్ల పిల్లలు వేరే ఉద్యోగాలకు మళ్లారు. కొన్ని దశాబ్దాలుగా మెక్సికో పల్లెల నుంచి ఆడవాళ్లే వచ్చి చేస్తున్నారు, చాలామంది ఏటా అదే షెడ్డుకి. ఈ గ్రూపుల పద్ధతి రాకముందే, 2018లో వలస సేవల శాఖ పిటిషన్లకు లాటరీ పెట్టినప్పుడు కొన్ని షెడ్లకు ఒక్క వీసా కూడా దక్కలేదు. పీతలున్నాయి, కొనేవాళ్లున్నారు, ఒలిచే చేతులు మాత్రం సరిహద్దుకి అవతలే ఉండిపోయాయి.

కొరత తీర్చడానికి ప్రభుత్వం కొన్నేళ్లుగా అదనపు వీసాలు విడుదల చేస్తోంది. 2023, 2024, 2025 ఆర్థిక సంవత్సరాల్లో ఒక్కోదానికి 64,716 దాకా. అంటే అసలుకు దాదాపు సమానంగా కొసరు.

ఒక్కో ఊరిది ఒక్కో పని

మెక్సికోలోని వేరాక్రూస్ రాష్ట్రంలో త్లాపకోయాన్ అనే ఊరుంది. అమెరికా కౌంటీ ఫెయిర్లలో రంగులరాట్నాలు బిగించేవాళ్లు, తిప్పేవాళ్లు, పాప్‌కార్న్ అమ్మేవాళ్లు ఎంతోమంది ఆ ఒక్క ఊరి చుట్టుపక్కల నుంచే. మిషిగన్‌లో కార్లు తిరగడానికి వీల్లేని మాకినా ద్వీపంలో, పేరుమోసిన గ్రాండ్ హోటల్లో వేసవంతా వడ్డించేది జమైకావాళ్లు. ట్రంప్ గారి మార్-ఎ-లాగో క్లబ్బు కూడా సీజన్‌కు వంటవాళ్లను, వడ్డించేవాళ్లను ఈ వీసా మీదే తెచ్చుకుంటుంది. హెచ్-2బి కొలువుల్లో అన్నింటికన్నా ఎక్కువ పోయేది మాత్రం లాన్ల పనికి, రాష్ట్రాల్లో ఎక్కువ తీసుకునేది టెక్సస్. డాలస్ శివార్లలో మనవాళ్ల కాలనీల్లో పచ్చిక కత్తిరించి, గట్లు సరిచేసి పోయే గుంపులో ఇద్దరు ముగ్గురైనా ఈ వీసా మీద వచ్చినవాళ్లే అయ్యుండొచ్చు. హెచ్-1బి ఇంటివాడు, హెచ్-2బి పనివాడు.

మిసిసిపిలో దక్షిణాఫ్రికా ట్రాక్టరు డ్రైవర్లు

మెక్సికో తర్వాత హెచ్-2ఎ వీసాలు ఎక్కువగా దక్కేది దక్షిణాఫ్రికాకు. వచ్చేవాళ్లలో చాలామంది తెల్లవాళ్లు, భారీ ట్రాక్టర్లూ కోత యంత్రాలూ నడిపేవాళ్లు. మిసిసిపి డెల్టాలో తరతరాలుగా పత్తి చేలలో పనిచేసిన నల్లజాతి కార్మికులు 2021లో కోర్టుకెక్కారు. తమను తగ్గించి, తమకన్నా ఎక్కువ కూలిచ్చి తెల్ల దక్షిణాఫ్రికావాళ్లను తెచ్చారన్నది వాళ్ల ఫిర్యాదు. మరుసటేడు చివరికి ఆ దావా రాజీతో ముగిసింది. విదేశీ కూలీకి ఇవ్వాల్సిన రేటు స్థానికుడికీ ఇవ్వాలనే చట్టం చెబుతుంది. పక్కపక్క ట్రాక్టర్ల మీద కూర్చున్న ఇద్దరికీ అదే అందిందా అని అడిగేవాళ్లు లేకపోవడమే అక్కడి చిక్కు.

మనకు తెలిసిన ఆకు

నార్త్ కరోలినాలో ఈ కూలీలు ఎక్కువగా చేసే పనుల్లో ఒకటి పొగాకు కోత. ప్రకాశం, గుంటూరు రైతులు 'వర్జీనియా పొగాకు' అని పండించి బ్యారన్లలో కాల్చే రకం పుట్టినిల్లు ఆ ప్రాంతమే. తడి ఆకు ఒంటికి రాసుకుని నికోటిన్ చర్మంలోంచి లోపలికి ఇంకితే వాంతులు, తలతిరుగుడు. అక్కడి వైద్యులు దాన్ని పచ్చి పొగాకు జబ్బు అంటారు. మంచు ఆరకముందే కోతకు దిగితే తప్పదు. ఒంగోలు వైపు కూలీలకు ఈ సంగతి వైద్యులు చెప్పక్కర్లేదు.

ఆటగాళ్ల దండు

హెచ్-2 పుట్టకముందే బ్రసేరో పథకం మొదలైంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1942 ఆగస్టులో అమెరికా, మెక్సికో ఒప్పందం చేసుకున్నాయి. 1964 చివర్లో ఆపేసేలోగా దాదాపు 46 లక్షల కాంట్రాక్టులు రాశారు. తొలి ఏళ్లలో కూలీల జీతంలో పదిశాతం పట్టుకుని, ఇంటికెళ్లాక ఇస్తామని పొదుపు ఖాతాల్లో వేశారు. చాలామందికి ఆ డబ్బు ఎన్నటికీ అందలేదు. మనవలు పుట్టాక కూడా దానికోసం కోర్టుల చుట్టూ తిరిగారు.

పథకం ఆపాక 1965 వేసవికి పంట కోసేదెవరు? కార్మిక మంత్రి విల్లర్డ్ వర్ట్స్‌కు ఒక ఆలోచన వచ్చింది. హైస్కూలు ఆటగాళ్లను దించుదాం! 'ఎ-టీమ్' అని పేరు పెట్టి 20,000 మందిని పిలిచారు. పొలాల దాకా వచ్చింది 3,300 మంది కుర్రాళ్లు. ఎండ, వంగిన నడుము, పాత బ్యారకులు చూసి కొన్ని బృందాలు సమ్మె చేశాయి. మళ్లీ ఆ ప్రయోగం జోలికి పోలేదు.

యంత్రం మాత్రం ఆగలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో జాక్ హానా అప్పటికే యంత్రం పట్టినా చితకని గట్టి తోలు టమాటా రకం తయారుచేశాడు. కోబీ లోరెంజెన్ దాన్ని కోసే యంత్రం చేశాడు. 1960ల చివరికల్లా ఆ రాష్ట్రంలో కెచప్‌కు, గుజ్జుకు వెళ్లే టమాటా దాదాపు అంతా యంత్రం కోతే. కూలీ దొరకనప్పుడు రైతు కూలి పెంచుతాడని ఆర్థికశాస్త్రం చెబుతుంది. టమాటా రైతు విత్తనమే మార్చేశాడు.

చిల్లు పడే చోటు

ఇందాక వాయిదా వేసిన సంగతి. కూలీ దగ్గర నియామక రుసుము తీసుకోవడం నిషిద్ధం. అమెరికాలోని కంపెనీ తీసుకోదు కూడా, పట్టుబడితే వ్యాపారమే పోతుంది. కానీ మెక్సికో కొండల్లోని పల్లెలో మనిషిని ఎంచేది ఆ కంపెనీ కాదు. అక్కడో స్థానిక ఏజెంటు ఉంటాడు, అతని కింద ఊరి మనిషి ఒకడు. జాబితాలో పేరు రాయడానికి చేయి తడపాలి. డబ్బు వడ్డీకి వస్తుంది, ఇంటి కాగితం తాకట్టులోకి పోతుంది. కూలీ విమానమో బస్సో ఎక్కేసరికే అప్పులో ఉంటాడు. వీసా మీద ఒకే యజమాని పేరు. గొడవ పెడితే వచ్చే ఏడు జాబితాలో పేరుండదని భయం. పౌరహక్కుల సంస్థ సదరన్ పావర్టీ లా సెంటర్ 2007లో ఈ పథకాల మీద వేసిన నివేదికకు బానిసత్వానికి దగ్గరగా అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. నాకు ఆ మాట మొత్తానికి వర్తిస్తుందనిపించదు. ఏటా ఇష్టపడి వచ్చి ఊళ్లో ఇల్లు కట్టుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. అయితే అప్పు, ఒకే యజమాని, ఊరిలో ఏజెంటు, ఈ మూడూ ఒకచోట కలిసినప్పుడు ఆ మాట నిజమైపోతుంది. 2021 నవంబరులో బయటపడిన జార్జియా ఉల్లిపాయల కేసులో అదే జరిగిందని ప్రాసిక్యూటర్లు చెప్పారు. కూలీలకు తుపాకీ చూపించి ఉత్త చేతులతో ఉల్లిగడ్డలు తవ్వించారని, బకెట్టుకు 20 సెంట్లు ఇచ్చారని, కనీసం ఇద్దరు చనిపోయారని అభియోగపత్రంలో ఉంది. 24 మంది మీద కేసు పెట్టారు.

ఈ చిల్లు పూడ్చే ప్రయత్నాలూ జరిగాయి. 2002లో ఫ్లోరిడా బెర్రీ తోటల కూలీల కేసులో అప్పీలు కోర్టు ఒక లెక్క తేల్చింది. వీసాకు, ప్రయాణానికి కూలీ పెట్టుకున్న ఖర్చు తీసేస్తే మొదటివారం కూలి చట్టం చెప్పే కనీస వేతనం కన్నా తగ్గకూడదు, తగ్గితే ఆ తేడా యజమాని వెంటనే భర్తీ చేయాలి. 2004లో ఊరగాయల కంపెనీ మీద ఐదేళ్ల బహిష్కరణ ఉద్యమం నడిపిన కార్మిక సంఘం ఫ్లాక్, నార్త్ కరోలినా గ్రోయర్స్ అసోసియేషన్‌తో ఒప్పందం సాధించింది. అమెరికాలో వీసా కూలీలకు వచ్చిన తొలి యూనియన్ ఒప్పందం అది. ఫ్లాక్ మాంటెరేలోనే ఆఫీసు తెరిచి ఏజెంట్ల లంచాల మీద పడింది. 2007 ఏప్రిల్‌లో ఆ ఆఫీసులో పనిచేసే సంఘం కార్యకర్త సాంటియాగో రఫాయెల్ క్రూస్‌ను అక్కడే చంపేశారు.

మనవాళ్ల కథ

హెచ్-2బి మన దేశాన్నీ తాకింది. 2005లో కత్రీనా తుపాను గల్ఫ్ తీరాన్ని ఊడ్చేశాక, చమురు రిగ్గులు బాగుచేసే సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ దాదాపు 500 మంది భారతీయ వెల్డర్లను, పైపు ఫిట్టర్లను మిసిసిపిలోని పాస్కగూలాకు, టెక్సస్‌లోని ఆరెంజ్‌కు తెప్పించుకుంది. గ్రీన్‌కార్డు వస్తుందన్న మాట నమ్మి ఒక్కొక్కరు పదివేల నుంచి ఇరవైవేల డాలర్ల దాకా ఏజెంట్లకు కట్టారు. వెళ్లాక తెలిసింది, వచ్చింది పదినెలల సీజన్ వీసా. కంచె వేసిన క్యాంపు, ఒక్కో ట్రైలర్లో 24 మంది దాకా, దానికి జీతంలోంచి నెలకు వెయ్యి డాలర్లకు పైగా కోత. 2008 మార్చిలో పనిముట్లు వదిలి బయటికొచ్చారు. న్యూఆర్లీన్స్ నుంచి వాషింగ్టన్‌కు యాత్ర చేశారు, అక్కడ నిరాహారదీక్షకు కూర్చున్నారు. 2015 ఫిబ్రవరిలో న్యూఆర్లీన్స్ జ్యూరీ మొదటి ఐదుగురికి 1.4 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలంది. ఆ జూలైలో కంపెనీ దివాలా పిటిషన్ పెట్టింది. మిగతా కేసులతో కలిపి 2 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది.

ఇంకో విడ్డూరం. 2009లో అమల్లోకి వచ్చిన అర్హత దేశాల జాబితాలో భారత్ లేదు. ఆ తర్వాతి ఏళ్లలో కూడా చేర్చలేదు. ప్రత్యేక మినహాయింపు వస్తే తప్ప ఇక్కడివాళ్లకు హెచ్-2 వచ్చేది కాదు. 2025 జనవరిలో ఆ జాబితా పద్ధతినే ఎత్తేశారు. అదే నిబంధనలతో కూలీ పని మానేస్తే వేరే యజమానిని వెతుక్కోవడానికి 60 రోజుల గడువూ ఇచ్చారు.

పక్క దేశాల్లో

కెనడా పథకం 1966లో 264 మంది జమైకా కూలీలతో ఒంటారియో తోటల్లో మొదలైంది. 1974లో మెక్సికో చేరింది. అక్కడ కూలీలను ఎంచి పంపేది ప్రైవేటు ఏజెంట్లు కాదు, ఆయా దేశాల ప్రభుత్వాలు. బ్రిటన్ 2019లో 2,500 మందితో ప్రయోగం మొదలుపెట్టింది. ఇప్పుడు ఏటా కేటాయించే వీసాలు నలభైవేలు దాటాయి. అక్కడ రైతు నేరుగా వీసా అడగలేడు. ప్రభుత్వం లైసెన్సిచ్చిన కొద్దిపాటి సంస్థలే కూలీలను తెచ్చి తోటలకు పంచుతాయి. యుక్రెయిన్ యుద్ధం తర్వాత వాళ్లు కిర్గిజ్‌స్తాన్, నేపాల్, ఇండోనేసియా దాకా వెళ్లారు. మధ్యవర్తుల అప్పుల కథలూ అక్కడి నుంచి మొదలయ్యాయి.

అడగాల్సిన మొదటి ప్రశ్న

జాబితా పోయింది కాబట్టి 'అమెరికాలో తోట పని, గ్యారంటీ వీసా, పదిహేను లక్షలు' అనేవాళ్లు మన జిల్లాలకూ రావొచ్చు. అలాంటివాడు ఎదురైతే మొదట యజమాని పేరు అడగాలి. హెచ్-2 పిటిషన్ పెట్టేది యజమానే, కూలీ కాదు. అనుమతి కోసం పెట్టిన ప్రతి కొలువూ, జీతం, ఊరు, తేదీలతో సహా అమెరికా కార్మిక శాఖ సీజనల్ జాబ్స్ వెబ్‌సైట్లో అందరికీ కనిపిస్తుంది. మన 1983 వలస చట్టం ప్రకారం ఇక్కడి ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి, అతను తీసుకోగల సేవా రుసుముకు పరిమితి 30,000 రూపాయలు, పన్ను అదనం. అమెరికా చట్టం అదీ ఒప్పుకోదు. కూలీ దగ్గర నియామకానికి డబ్బు తీసుకున్నట్టు తేలితే పిటిషనే తిరస్కరిస్తారు. కన్సులేట్‌లో కట్టే వీసా రుసుము 205 డాలర్లు. హెచ్-2బి అయితే ఆ రుసుమును మొదటి పనివారంలోనే యజమాని కూలీకి తిరిగి ఇవ్వాలి.